రేషియో ఇస్తే రూపాయలు రావు

(ఎంబీఏ ప్రవేశ పరీక్షలకు సిద్ధమవుతున్న డిగ్రీ విద్యార్థులకు ఒక గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. బోర్డు మీద వేసిన లెక్కలను మాటల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినపడుతోందా? సరే.

ఇవాళ ఒక్క రకం లెక్కే చెబుతాను. డేటా సఫిషియెన్సీలో, అంటే ఒక ప్రశ్నా దాని కింద రెండు స్టేట్‌మెంట్లూ ఇచ్చి సమాచారం చాలుతుందా అని అడిగే రకంలో, నిష్పత్తులూ రాబడీ కలిసి వచ్చే లెక్కలు. లెక్కలు బాగా వచ్చిన వాళ్లే ఎక్కువగా మార్కులు పోగొట్టుకునే చోటు ఇది. నిష్పత్తి కనిపించగానే తెలియని గుణకాన్ని 'కె' అనుకుంటారు, సమీకరణం రాస్తారు, జవాబు తేలేదాకా పెన్ను దించరు. ఇక్కడ జవాబు ఎవరూ అడగలేదు. ఇచ్చిన సమాచారంతో జవాబు తేలుతుందా, తేలదా అన్నదే అడిగారు. తేలుతుందని తెలిసిన క్షణంలో పెన్ను కింద పెట్టేయాలి.

మన తెలుగు రాష్ట్రాల ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకి 45 సెకన్లు. అందులో 20 ప్రశ్నలు డేటా సఫిషియెన్సీవే. బిజినెస్ స్కూళ్ల అంతర్జాతీయ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ రాసేవాళ్లు కూడా మీలో ఉన్నారని చెప్పారు. 2023 చివర్లో ఆ పరీక్ష రూపం మారాక ఈ ప్రశ్నలు క్వాంట్ సెక్షన్ నుంచి డేటా ఇన్‌సైట్స్ అనే సెక్షన్‌లోకి వెళ్లాయి. అక్కడ 20 ప్రశ్నలకు 45 నిమిషాలు. టైం కొంచెం నయం, ప్రశ్నలు కొంచెం ఘోరం.

ఆప్షన్ల సంగతి ముందే చూసుకోండి. జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లు. మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు, రెండోది ఒక్కటే చాలు, రెండూ కలిస్తేనే చాలు, ఏదైనా ఒక్కటి చాలు, రెండూ కలిసినా చాలదు. ఈ వరస మనది, అక్కడ ప్రింటయ్యే వరస ఒకసారి చూసుకోండి. బ్యాంక్ పరీక్షల్లోనూ దాదాపు ఇంతే. ఐసెట్‌లో నాలుగే. 'ఏదైనా ఒక్కటి చాలు' అనే ఆప్షన్ అక్కడ ఉండదు. కాబట్టి ఐసెట్‌లో మీకు రెండు స్టేట్‌మెంట్లూ విడివిడిగా సరిపోతున్నాయని అనిపించిందంటే, ఎక్కడో తొందరపడ్డారన్నమాట. ప్రశ్న మళ్లీ చదవండి. బజారులో దొరికే ప్రాక్టీస్ పుస్తకాల్లో అన్ని పరీక్షల లెక్కలూ కలిపి వేస్తారు, ఏ పరీక్షకి ఏ ఆప్షన్లో చెప్పరు. అది వేరే బాధ.

లెక్కలోకి వద్దాం. రాసుకోండి.

ఒక సినిమా హాల్లో రెండు తరగతులు, బాల్కనీ, సెకండ్ క్లాస్. టికెట్ ధరల నిష్పత్తి 3:2. ప్రశ్న: మొత్తం వసూళ్లలో బాల్కనీ వాటా ఎంత? మొదటి స్టేట్‌మెంట్: అమ్ముడైన బాల్కనీ టికెట్లకీ సెకండ్ క్లాస్ టికెట్లకీ నిష్పత్తి 1:4. రెండో స్టేట్‌మెంట్: బాల్కనీ టికెట్ 150 రూపాయలు.

ఎవరు చెబుతారు? చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: "రెండూ కలిపితే వస్తుంది సార్.")

రెండూ ఎందుకు కావాలి?

("ధర తెలియకపోతే వసూలు ఎలా తెలుస్తుంది సార్?")

వసూలు ఎవరడిగారు? వాటా అడిగారు. ధరలు 3:2, టికెట్లు 1:4. రాబడి అంటే ధరని సంఖ్యతో గుణించడమే కదా. మూడు ఒకట్లు మూడు, రెండు నాలుగులు ఎనిమిది. రాబడి 3:8. బాల్కనీ వాటా 11లో 3 వంతులు. ధర 150 అయినా 15 అయినా అంతే. మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు. రెండోది ఒక్కటే ఉంటే 150, 100 అని ధరలు తెలుస్తాయి, ఎన్ని టికెట్లు తెగాయో తెలియదు. కాబట్టి చాలదు.

ఇప్పుడు ఒక్క అక్షరం కూడా మార్చకుండా అవే స్టేట్‌మెంట్లు ఉంచుతాను. ప్రశ్న మాత్రం మారుస్తాను. మొత్తం వసూలు ఎంత?

(పలువురు: "రెండూ కలిపితే వస్తుంది!")

ఇందాక అక్కర్లేని చోట రెండూ అన్నారు, ఇప్పుడు సరిపోని చోట కూడా రెండూ అంటున్నారు. (నవ్వులు) చూడండి. ధరలు 150, 100. టికెట్లు కె, నాలుగు కె. వసూలు 150 కె, దానికి 400 కె కలిపితే 550 కె. కె ఎంత? ఒక్క బాల్కనీ టికెట్ తెగిందా, వంద తెగాయా? ఎవరికీ తెలియదు. రెండూ కలిసినా చాలదు. ఐసెట్‌లో నాలుగో ఆప్షన్, జీమ్యాట్‌లో ఐదోది.

నిష్పత్తి స్కేలు వేయని మ్యాపు లాంటిది. ఏ ఊరు ఏ ఊరికి ఎన్ని రెట్ల దూరమో చెబుతుంది, ఎన్ని కిలోమీటర్లో చెప్పదు. రాబడిలో రెండు మ్యాపులుంటాయి. ధరలది ఒకటి, అమ్మకాలది ఒకటి. దేని స్కేలు దానికి విడిగా కావాలి. ధరల స్కేలు దొరికింది కదా అని అమ్మకాల స్కేలు కూడా దొరికిందనుకోవడం దగ్గరే సగం మంది దెబ్బతింటారు. 'బాల్కనీ 150' అని చదవగానే చేతికి ఒక అంకె దొరికినట్టు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ధరల వరకే.

కాబట్టి ప్రశ్న చదవగానే ముందు తేల్చుకోవాల్సింది, అది వాటా అడుగుతోందా, మొత్తం అడుగుతోందా అని. ఎంత శాతం, ఎన్నో వంతు, ఎన్ని రెట్లు, ఏది ఎక్కువ, ఇవన్నీ వాటా జాతి. చాలాసార్లు నిష్పత్తులే వీటికి సరిపోతాయి. ఎన్ని రూపాయలు, ఎన్ని టికెట్లు, తేడా ఎంత, ఇవి మొత్తం జాతి. వీటికి ఎక్కడో ఒకచోట అసలు అంకె దొరకాల్సిందే. 'తేడా ఎంత' అన్నది వాటా జాతిలా కనిపిస్తుంది గానీ కాదు. 3:8 అంటే తేడా ఐదు రూపాయలు కావచ్చు, ఐదు లక్షలూ కావచ్చు.

ఆర్యభటుడు 499లోనే త్రైరాశికం చెప్పాడు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు అది మన భాషలోకీ వచ్చింది. మూడు రాశులు తెలిస్తే నాలుగోది తేలుతుంది. రెండే తెలిస్తే తేలదు. ఆ లెక్కన డేటా సఫిషియెన్సీ మనకేమీ కొత్త కాదు, మల్టిపుల్ చాయిస్ ఒక్కటే కొత్త.

సినిమా హాలు ఇంకా వదలొద్దు. 150, 100 ధరలు, 1:4 టికెట్లు అలాగే ఉంచండి. ఇంకో స్టేట్‌మెంట్ ఇస్తున్నాను. హాల్లో 500 సీట్లు, ఆట హౌస్‌ఫుల్. కె, నాలుగు కె కలిసి 500, కె 100, వసూలు 55 వేలు. ఇది అందరికీ వస్తుంది. దాని బదులు ఇలా ఇచ్చాననుకోండి: వసూలు 54,800 కంటే ఎక్కువ, 55,200 కంటే తక్కువ. చాలుతుందా?

(ఒక విద్యార్థి: "రేంజ్ ఇచ్చారు సార్, కచ్చితంగా తెలియదు.")

అలాగే అనిపిస్తుంది. కానీ టికెట్‌ని సగానికి చింపి అమ్మరు కదా బాబూ. కె పూర్ణాంకం. వసూలు 550 చొప్పున గెంతుతూ వెళుతుంది. కె 99 అయితే 54,450. కె 101 అయితే 55,550. మీకిచ్చిన సందులో పడేది 55,000 ఒక్కటే. చాలుతుంది. మనుషులు, టికెట్లు, సీసాలు, బస్సులు, ఇలా ముక్కలు కాని వస్తువు ప్రశ్నలో కనిపిస్తే ప్రశ్న చెప్పకుండానే ఒక సమాచారం ఇచ్చినట్టు. పాలు, బియ్యం, పెట్రోలు అయితే ఆ వెసులుబాటు ఉండదు.

మరొకటి. 150, 100 ధరలు తెలుసు. సగటున ఒక్కో టికెట్ మీద 110 రూపాయలు వచ్చాయి అని స్టేట్‌మెంట్. అలిగేషన్, అదే సగటు నుంచి నిష్పత్తి తీసే పద్ధతి, గుర్తుందా? 110కి 100కి తేడా 10, 150కి 110కి తేడా 40. బాల్కనీ, సెకండ్ క్లాస్ నిష్పత్తి 10:40, అంటే 1:4. ఇందాకటిదే వేషం మార్చుకుని వచ్చింది. సగటులో 110 అనే పెద్ద అంకె ఉంది, రూపాయలు కూడా ఉన్నాయి, అయినా మొత్తం వసూలు గురించి అది ఏమీ చెప్పలేదు. ధరలు తెలిసిన చోట సగటు అంటే నిష్పత్తే.

ఈ వేషాల గురించే కాసేపు చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రశ్నలు తయారు చేసేవాళ్లకి ఇది చాలా ఇష్టమైన ఆట. టిఫిన్ సెంటర్ లెక్క తీసుకుందాం. ప్లేటు ఇడ్లీ 40, దోశ 60. నిన్న ఎన్ని దోశలు అమ్ముడయ్యాయి? మొదటిది: ఇడ్లీ, దోశ కలిపి రాబడి 2,400. రెండోది: ఇడ్లీ మీద వచ్చిన రాబడీ దోశ మీద వచ్చిన రాబడీ సమానం.

రెండూ కలిపితే ఒక్కోటి 1,200, దోశలు 20. విడివిడిగా ఏదీ చాలదు. మూడో ఆప్షన్. బాగానే ఉంది. ఇప్పుడు మొదటి స్టేట్‌మెంట్ తీసేసి దాని చోట ఇది పెడతాను: ఇడ్లీ ప్లేట్లకీ దోశలకీ నిష్పత్తి 3:2. రెండోది అలాగే ఉంటుంది. ఇప్పుడో?

(నిశ్శబ్దం. తర్వాత ఒక విద్యార్థి: "రెండూ ఒకటే సార్.")

శభాష్. రాబడులు సమానం అంటే 40 ఇంటూ ఇడ్లీలు, 60 ఇంటూ దోశలు సమానం. అంటే ఇడ్లీలు, దోశలు 3:2. ఒకే మాట రెండుసార్లు చెప్పాడు, ఒకసారి సంఖ్యల్లో, ఒకసారి రూపాయల్లో. రెండు స్టేట్‌మెంట్లు కదా, రెండు తెలియనివి కదా, సరిపోతుందిలే అని మూడో ఆప్షన్ దిద్దేస్తే పోయినట్టే. సమీకరణాలు లెక్కపెట్టకండి, వేర్వేరు సమీకరణాలు ఎన్నో చూడండి. ధరలు తెలిసినప్పుడు సంఖ్యల నిష్పత్తి, రాబడుల నిష్పత్తి, సగటు ధర, ఈ మూడూ ఒకే ముక్క. ఒకటి ఉంటే మిగతా రెండూ ఉన్నట్టే.

దీనికి తలకిందులు కూడా ఉంది. ఒకే సమీకరణం, రెండు తెలియనివి, అయినా జవాబు తేలే లెక్క. ఇడ్లీ 30, దోశ 70. ఒక టేబుల్ బిల్లు 290. ఎన్ని దోశలు? సున్నాలు తీసేస్తే ఇడ్లీ ప్లేటుకి 3 చొప్పున, దోశకి 7 చొప్పున కలిసి 29 రావాలి. దోశ ఒకటైతే మిగిలేది 22, మూడుతో పోదు. రెండైతే 15, పోతుంది, ఇడ్లీ ఐదు ప్లేట్లు. మూడైతే 8, పోదు. నాలుగైతే 1, పోదు. అసలు దోశే లేకపోతే 29, అదీ పోదు. జవాబు ఒక్కటే. బిల్లు ఒక్కటే చాలు! అదే బిల్లు 590 అయితే దోశలు రెండూ కావచ్చు, ఐదూ కావచ్చు, ఎనిమిదీ కావచ్చు. చాలదు. బిల్లు చిన్నదై ధరలు ఒకదానికొకటి అతకనివైతే ఒకసారి వేసి చూడండి. ఈ మాట ఐసెట్ వాళ్లకంటే జీమ్యాట్ వాళ్లకి ఎక్కువ అవసరం.

ఇక కూడికా, శాతమా అన్న సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, నా లెక్క ప్రకారం ఈ టాపిక్ మొత్తంలో అసలు కిటుకు ఇదే.

ఒక బట్టల షాపుకి రెండు బ్రాంచీలు. నెల రాబడులు 5:3. మొదటి బ్రాంచి రాబడి ఎంత? స్టేట్‌మెంట్: రెండు బ్రాంచీల రాబడీ 20 శాతం పెరిగితే నిష్పత్తి 5:3గానే ఉంటుంది. ఇది ఎప్పుడూ నిజమే, కొత్తగా చెప్పిందేమీ లేదు. మొదటిది 20 శాతం, రెండోది 25 శాతం పెరిగితే 8:5 అవుతుంది అన్నా అంతే. 5కి 20 శాతం కలిపితే 6, 3కి 25 శాతం కలిపితే 3.75, అది ఎలాగూ 8:5. శాతాలతో ఎన్ని సంవత్సరాలు తిప్పినా రూపాయలు బయటికి రావు.

ఇప్పుడు ఇంకోటి: రెండు బ్రాంచీల రాబడీ చెరో 2 లక్షలు పెరిగితే నిష్పత్తి 3:2 అవుతుంది. ఐదు కె ప్లస్ 2, మూడు కె ప్లస్ 2, 3:2. అడ్డంగా గుణిస్తే పది కె ప్లస్ 4, తొమ్మిది కె ప్లస్ 6 సమానం. కె 2. మొదటి బ్రాంచి 10 లక్షలు, రెండోది 6. సరిచూసుకోండి, 12కి 8, అవును 3:2. ఒక్క స్టేట్‌మెంట్‌తో అంతా తేలిపోయింది. రూపాయల్లో కూడిక జరిగినప్పుడు నిష్పత్తి ఎంత కదిలిందో చూస్తే అసలు మొత్తం ఎంత పెద్దదో తెలుస్తుంది. చిన్న రాబడికి 2 లక్షలు కలిపితే నిష్పత్తి బాగా కదులుతుంది, కోట్లకి కలిపితే కదిలీ కదలనట్టు ఉంటుంది.

ఎప్పుడూ ఇలాగేనా? కాదు. మొదటి బ్రాంచికి 5 లక్షలు, రెండో బ్రాంచికి 3 లక్షలు పెరిగితే నిష్పత్తి 5:3 అన్నాడనుకోండి. కూడిక ఉంది, రూపాయలున్నాయి. కానీ కలిపింది కూడా 5:3 లోనే. కె ఏదైనా సరిపోతుంది. చాలదు. పరీక్షలో ఇంత పచ్చిగా ఇవ్వడు, ఒకదానికి 7.5 లక్షలు, ఇంకోదానికి 4.5 లక్షలు అంటాడు. అదీ 5:3నే.

రాబడి నుంచి లాభానికి వెళ్లే లెక్కల గురించి రెండు మాటలు. రెండు షాపుల రాబడులు 5:3, ఖర్చులు 4:3. లాభాల నిష్పత్తి ఎంత? 5లోంచి 4, 3లోంచి 3 తీసేసి, రెండో షాపుకి లాభమే లేదనేవాళ్లు ఏటా ఉంటారు. రాబడి వంతూ ఖర్చు వంతూ ఒకే సైజు అని ఎవరు చెప్పారు? రెండింటినీ కలిపే వంతెన ఒకటి కావాలి. మొదటి షాపు ఖర్చు దాని రాబడిలో 60 శాతం అంటే ఆ వంతెన దొరికినట్టే. 5 వంతుల రాబడిలో 60 శాతం అంటే 3 వంతులు, ఖర్చులో 4 వంతులు దీనికి సమానం, కాబట్టి రెండో షాపు ఖర్చు రెండుంపావు వంతు. లాభాలు 2, ముప్పావు. అంటే 8:3. ఇక్కడా రూపాయలు అక్కర్లేదు.

అవునా కాదా రకం ప్రశ్నలు. ఒక షాపువాడు వస్తువు ధర 20 శాతం పెంచాడు. రాబడి పెరిగిందా? మొదటిది: అమ్మకాలు 20 శాతం తగ్గాయి. రెండోది: అమ్మిన వస్తువుల సంఖ్య 60 తగ్గింది.

మొదటిది చూడండి. 1.2 ఇంటూ 0.8, 0.96. రాబడి పెరగలేదు, 4 శాతం తగ్గింది. జవాబు 'లేదు'. కొంతమంది 'లేదు' అని రాగానే 'చాలదు' అని దిద్దేస్తారు. 'లేదు' అన్నది కూడా జవాబేనండీ. కచ్చితంగా లేదని చెప్పగలిగామంటే సమాచారం చాలినట్టే. రెండోది: 600లో 60 తగ్గితే 0.9 అయింది, రాబడి పెరిగినట్టు. 200లో 60 తగ్గితే 0.7, రాబడి తగ్గినట్టు. అవుననీ చెప్పొచ్చు, కాదనీ చెప్పొచ్చు. చాలదు. ఇలాంటప్పుడు ఒక పెద్ద అంకె, ఒక చిన్న అంకె వేసి చూడటం సమీకరణం కంటే త్వరగా తేలుస్తుంది.

ఇంకో సంగతి. మంచి పేపర్లలో రెండు స్టేట్‌మెంట్లూ ఒకదాన్నొకటి కొట్టుకోవు. మొదటిదానితో 'అవును' వచ్చి రెండోదానితో 'కాదు' వస్తే తప్పు పేపర్‌ది కాదు, మీ లెక్కది. ఫ్రీగా దొరికే చెకింగ్ ఇది, వాడుకోండి.

ఏదో అడగాలనుకుంటున్నారు, చెప్పమ్మా.

("వాటా అడిగితే నిష్పత్తులు చాలు అన్నారు కదా సార్, అది గుడ్డిగా వాడొచ్చా?")

'చాలాసార్లు' అన్నాను. వాడకూడని చోటు ఒకటి చూపిస్తాను. ప్రైవేటు బస్సులో స్లీపర్, సీటర్ టికెట్ ధరలు 5:3. మొత్తం రాబడిలో స్లీపర్ల వాటా ఎంత? మొదటిది: స్లీపర్ టికెట్లు 12 అమ్మారు. రెండోది: సీటర్ టికెట్లు ఇంకో 6 అమ్మి ఉంటే రెండు రాబడులూ సమానమయ్యేవి.

మొదటిది ఒక్కటే చాలదు, సీటర్ల సంగతి తెలియదు. రెండోది చూస్తే పోలిక ఉంది, ప్రశ్న వాటా గురించి, కాబట్టి ఇదొక్కటే చాలు అనిపిస్తుంది. కానీ ఆ 6 కూడిక. స్లీపర్లు 6 అయితే ఐదు ఆరులు 30, దానికి సమానం కావాలంటే సీటర్లు 10, అంటే ఇప్పుడున్నవి 4. రాబడి 30కి 12. స్లీపర్లు 12 అయితే 60, సీటర్లు 20 కావాలి, ఉన్నవి 14. రాబడి 60కి 42. వాటా మారిపోయింది. కాబట్టి రెండోది ఒక్కటే చాలదు, మొదటిది ఇచ్చే 12 కూడా కావాలి. అప్పుడు 102లో 60, అంటే 17లో 10 వంతులు. మూడో ఆప్షన్. అదే ఆ స్టేట్‌మెంట్‌లో 'ఇంకో 6' బదులు 'ఇంకో సగం' అని ఉంటే మొదటి స్టేట్‌మెంట్‌తో పనే లేదు.

ఇంకెవరికైనా డౌట్లుంటే టీ తాగేటప్పుడు అడగండి, పేపర్ పట్టుకురండి.